ఒకే ఐ5కు రెండు ధరలెందుకు? తక్కువ ఖర్చులో ఇంటి కంప్యూటర్ వెనకున్న లెక్క

ఇంజనీరింగులో చేరిన అమ్మాయికి కంప్యూటర్ కొనాలని ఒక కుటుంబం తిరుపతిలో రెండు దుకాణాల్లో కొటేషన్ అడిగిందనుకుందాం. రెండు కాగితాల మీదా ఒకటే రాసి ఉంటుంది: ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్కు). ఒకదానిలో ధర పదిహేను వేల దగ్గర ఆగితే, రెండోదానిలో అంతకు రెట్టింపు దాటుతుంది. మొదటివారు మోసం చేస్తున్నారనో, రెండోవారు దోచుకుంటున్నారనో అనుమానం రావడం సహజమే. అయితే చాలా సందర్భాల్లో ఇద్దరూ నిజమే చెబుతుంటారు. ధరను నిర్ణయించే సంగతులు ఆ మూడు మాటల్లో లేకపోవడమే అసలు చిక్కు.

ఇక్కడ రూపాయల్లో ఇచ్చిన అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే తప్ప బజారు ధరలు కావు. ర్యామ్ ధర నిలకడగా లేని ఈ రోజుల్లో రాసిపెట్టిన ధరకు విలువ తక్కువ.

## పాత పెట్టెలు బజారులోకి రావడం, ర్యామ్ ధర పెరగడం

వేర్వేరు కారణాలతో పుట్టిన రెండు పరిణామాలు ఒకే సమయంలో వచ్చిపడ్డాయి. మొదటిది, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇస్తూ వచ్చిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడం. ఇళ్లలో వాడుకునేవారు నమోదు చేసుకుంటే మరో ఏడాది భద్రతా అప్‌డేట్లు ఇస్తామని సంస్థ ప్రకటించింది గానీ, అది వాయిదాయే తప్ప పరిష్కారం కాదు. 2021లో వచ్చిన విండోస్ 11 ప్రతి కంప్యూటర్‌లోనూ అధికారికంగా ఎక్కదు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. ప్రాసెసర్ ఇంటెల్‌దైతే, కొద్దిపాటి మినహాయింపులు పోను, 8వ తరానిదో (తరం అంటే ఏమిటో కింద చూద్దాం) ఆ తర్వాతిదో అయి ఉండాలి. ఏఎండీదైతే రమారమి రైజెన్ 2000 వరుస నుంచి పైకి ఉండాలి. ఈ గీతకు దిగువన పడిన యంత్రాలను వదిలించుకోక కంపెనీలకు తప్పదు. చెన్నైకీ బెంగళూరుకీ మధ్యన ఉన్న తిరుపతి, చిత్తూరు జిల్లాలకు ఆ రెండు నగరాల ఆఫీసుల్లో తీసేసిన పెట్టెలు సులువుగానే చేరతాయి.

రెండోది ర్యామ్, అంటే కంప్యూటర్ పని చేస్తున్నంతసేపూ కావలసిన సమాచారాన్ని అందుబాటులో ఉంచుకునే మెమరీ. ప్రపంచంలో తయారయ్యే ర్యామ్ చిప్పుల్లో అత్యధిక భాగం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు సంస్థలవే. కృత్రిమ మేధ సర్వర్లకు కావలసిన ప్రత్యేక మెమరీకి గిరాకీ పెరగడంతో ఈ సంస్థలు కర్మాగారాల సామర్థ్యాన్ని అటు మళ్లించాయి. ఇళ్లలోని కంప్యూటర్లకు వేసే డీడీఆర్4, డీడీఆర్5 రకాల ర్యామ్‌కు 2025 చివరి నెలల్లో కొరత వచ్చి ధరలు బాగా పెరిగాయి. దుకాణాల్లో క్రూషియల్ పేరుతో అమ్మే సరుకు నుంచి పూర్తిగా తప్పుకుంటున్నట్టు మైక్రాన్ ఆ ఏడాది డిసెంబరులోనే ప్రకటించింది. దీంతో పాత లెక్క తలకిందులైంది. "ముందు మంచి ప్రాసెసర్ తీసుకుందాం, ర్యామ్‌దేముంది, తర్వాత వేసుకోవచ్చు" అన్న మాట ఒకప్పుడు నిజమే. ఇప్పుడు మాత్రం 16 జీబీ ర్యామ్‌తో వచ్చే పాత పెట్టెకు ఆ ర్యామ్ వల్లనే అదనపు విలువ వచ్చిపడింది.

## ఐ5 అన్న పేరు చెప్పేదెంత, దాచేదెంత

ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌లో లెక్కలు చేసే చిప్పు. అందులో విడివిడిగా పని చేయగల భాగాలను కోర్లంటారు. కోర్లు ఒకేసారి నడపగల పనుల వరుసలను థ్రెడ్లంటారు; కొన్ని ప్రాసెసర్లలో ఒక్కో కోర్ రెండేసి నడపగలదు. ఐ3, ఐ5, ఐ7 అన్నవి ఒకే కాలంలో విడుదలైన ప్రాసెసర్లలో ఏది కింది మెట్టో ఏది పై మెట్టో మాత్రమే చెబుతాయి. ఏ కాలం నాటిదో చెప్పేది గీత తర్వాత వచ్చే అంకె. దుకాణాల్లో జనరేషన్ అనేది దీన్నే. ఐ5-2400 రెండో తరానిది, 2011లో వచ్చింది. ఐ5-6500 ఆరో తరం, 2015. ఐ5-8500 ఎనిమిదో తరం, 2018. పదో తరం నుంచి తరాన్ని రెండు అంకెల్లో చదువుకోవాలి: ఐ5-12400 పన్నెండో తరానిది, 2022 నాటిది. ఈ నాలుగూ ఐ5లే, నాలుగింటి పేరుతోనూ నిజాయతీగా కొటేషన్ రాయవచ్చు.

వీటి మధ్య తేడా పేర్లలో కనిపించే దానికన్నా పెద్దది. ఐ5-6500లో 4 కోర్లు, 4 థ్రెడ్లు. ఐ5-8500కు వచ్చేసరికి 6 కోర్లు, 6 థ్రెడ్లు అయ్యాయి. ఐ5-12400లో 6 కోర్లు, 12 థ్రెడ్లు. కోర్ల లెక్కొక్కటీ చూసినా సరిపోదు, ఒక్కో కోర్ ఎంత పని చేస్తుందన్నదీ తరంతో పాటు మారుతూ వచ్చింది. 2011 నాటి ఐ7-2600కూ 2022 నాటి ఐ3-12100కూ 4 కోర్లు, 8 థ్రెడ్లే ఉన్నాయి. అయినా ఒక్క కోర్ మీద నడిచే పనిలో ఆ ఐ3 ఈ ఐ7కు దాదాపు రెట్టింపు వేగంగా ఉంటుంది. పేరులో ఐ7 ఉందని పాతదానికి ఎక్కువ ఇచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఏఎండీ పేర్లలో మరో రకం మెలిక ఉంది. ల్యాప్‌టాప్‌లలో వచ్చే రైజెన్ 5 7520యూ పేరు చూస్తే 7000 వరుసలోని కొత్త సరుకనిపిస్తుంది, 2022లో విడుదలైన మాటా నిజమే. అయితే లోపలి కోర్ల నిర్మాణం 2019లో వచ్చిన జెన్ 2. ఆ వరుస పేర్లలో నిర్మాణం ఏ నాటిదో చెప్పేది మొదటి అంకె కాదు, మూడోది. సంస్థ దీన్ని రహస్యంగా ఏమీ ఉంచలేదు. కొనేవారు మూడో అంకె చూస్తారని ఎలా ఆశించిందో మాత్రం ఆశ్చర్యమే.

కొటేషన్‌లో "కొత్త అసెంబుల్డ్ ఐ5" అని ఉండి ధర నమ్మలేనంత తక్కువగా ఉంటే దానికీ వివరణ ఉంది. 2011లో వచ్చిన హెచ్61 చిప్‌సెట్‌తో (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్పు) మదర్‌బోర్డులు ఇప్పటికీ కొత్తగా తయారై వస్తున్నాయి. వాటి మీద వాడి తీసిన రెండో, మూడో తరం ఐ5ను బిగించి, కొత్త క్యాబినెట్‌లో పెట్టి అమ్ముతారు. పెట్టె కొత్తది, బోర్డు కొత్తది, వారంటీ కాగితమూ ఉంటుంది. లోపల పని చేసే ప్రాసెసర్ మాత్రం పదేళ్లకు పైబడినది. దానికి వేసేది డీడీఆర్3 ర్యామ్, అది రేపు కొత్త తరం బోర్డుకు పనికిరాదు. హెచ్61 చిప్‌సెట్‌కు సొంతంగా యూఎస్‌బీ 3.0 లేదు, సాటా అనే దారిలో డిస్కుతో మాట్లాడే వేగమూ ఇప్పటి సాటా వేగంలో సగమే. వాడిన ఆఫీసు పెట్టె, పూర్తిగా కొత్త పెట్టె, ఈ కలగాపులగం పెట్టె అనే మూడు రకాల సరుకులోనూ నేను అన్నిటికన్నా వెనక నిలబెట్టేది దీన్నే. ఇందులో కొత్తదనానికి ఇచ్చే డబ్బంతా రేకు డబ్బాకే పోతుంది.

## ఆలస్యం పుట్టే చోటు: డిస్కు, ర్యామ్

అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర ఎంత వేగంగా పోగల బండైనా తన వంతు వచ్చేదాకా ఆగవలసిందే; పాత హార్డ్ డిస్కు ఉన్న కంప్యూటర్‌లో ప్రాసెసర్ పరిస్థితి అంతే. దీన్ని అంకెల్లో చూడవచ్చు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కుకు ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సమాచారం రీడింగ్ సూది కిందికి వచ్చేసరికి సగటున అందులో సగం, అంటే 4 మిల్లీసెకన్లకు పైగా గడుస్తాయి. ఆ సూది ఒక వరుస నుంచి మరో వరుసకు జరగడానికి ఇంకో 8, 9 మిల్లీసెకన్లు కలిపితే ఒక్కో చిన్న ముక్కకు దాదాపు 13 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు 80 ముక్కలకు మించి అందవు. విండోస్ మొదలయ్యేటప్పుడు అక్కడక్కడా ఉన్న ఇలాంటి చిన్న ముక్కలను వేల సంఖ్యలో చదువుతుంది. తిరిగే భాగమే లేని ఎస్‌ఎస్‌డీ అదే పనిని సెకనుకు పదుల వేల చొప్పున చేస్తుంది.

ఎస్‌ఎస్‌డీలో రెండు రకాలున్నాయి. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీ దాకా చదివితే, ఎన్‌వీఎంఈ రకం 3,500 ఎంబీనీ దాటుతుంది. కాగితం మీద ఆరు రెట్లకు పైగా తేడా. ఒక పెద్ద వీడియో ఫైలును నకలు చేసేటప్పుడు అది కనబడుతుంది. విండోస్ మొదలవడంలో, బ్రౌజర్ తెరవడంలో మాత్రం చాలామందికి తేడా తెలియదు, ఎందుకంటే ఆ పనుల్లో చిన్న ముక్కలే ఎక్కువ, అక్కడ రెండూ హార్డ్ డిస్కును ఎంతో వెనక వదిలేసినవే. కాబట్టి హార్డ్ డిస్కు నుంచి ఏదో ఒక ఎస్‌ఎస్‌డీకి మారడం పెద్ద మార్పు. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారడం, ఇంటి అవసరాల వరకు, చిన్న మార్పు. పాత బోర్డులో ఎన్‌వీఎంఈకి చోటు లేదన్నది ఆ బోర్డును తోసిపుచ్చేంత కారణం కాదు.

ఎస్‌ఎస్‌డీలో సమాచారం రాయడానికి ఒక హద్దు ఉందని, ఆ "రాతలు" అయిపోతే అది పోతుందన్న భయమూ చాలామందిలో ఉంది. శాంసంగ్ 970 ఈవో 250 జీబీ ఎస్‌ఎస్‌డీకి ఆ సంస్థ 150 టీబీ (ఒక టీబీ అంటే వెయ్యి జీబీ) రాతల దాకా హామీ ఇచ్చింది. రోజుకు 20 జీబీ రాసినా ఆ హద్దు చేరడానికి 7,500 రోజులు, అంటే ఇరవై ఏళ్లు పడుతుంది. చవక రకాల్లో ఈ హామీ తక్కువగా ఉంటుంది గానీ, ఇంటి వాడకంలో రాతల వల్ల పోయేవాటికన్నా లోపలి కంట్రోలర్ చిప్పు చెడి పోయేవే ఎక్కువగా కనిపిస్తాయి.

ర్యామ్ చాలకపోతే కంప్యూటర్ డిస్కులో కొంత భాగాన్ని ర్యామ్‌కు బదులుగా వాడుకుంటుంది, అప్పుడే మౌస్ కదలిక కూడా తడబడుతుంది. విండోస్ 11, కొన్ని బ్రౌజర్ ట్యాబులు, ఒక వర్డ్ ఫైలు వరకే అయితే 8 జీబీలో పని నడుస్తుంది. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోకు మాత్రం కనీసం 8 జీబీ, అందులో ఫోనును తెర మీద అనుకరించే ఎమ్యులేటర్ కూడా నడపాలంటే 16 జీబీ కావాలని గూగుల్ చెబుతోంది. ఒకే 8 జీబీ కాక రెండు 4 జీబీ ముక్కలు వేస్తే వేగం పెరుగుతుందన్న మాటలో నిజముంది: డీడీఆర్4-3200 ర్యామ్ ఒక చానల్‌లో (ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారి) సెకనుకు 25.6 జీబీ అందిస్తే, రెండు చానళ్లలో 51.2 జీబీ అందుతుంది. ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌తో ఆటలు ఆడేవారికి ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఎక్సెల్, బ్రౌజర్ వాడేవారికి తెలియదు. పైగా రెండే స్లాట్లున్న బోర్డులో రెండూ 4 జీబీతో నిండిపోతే, రేపు పెంచాలనుకున్నప్పుడు వాటిలో ఒకటైనా తీసి పక్కన పెట్టాలి. ర్యామ్ ఖరీదైన ఈ కాలంలో అది చిన్న నష్టం కాదు.

## ఆఫీసు పెట్టె మేలా, కొత్తగా కట్టించినది మేలా

కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ పెట్టెలను శుభ్రం చేసి, అవసరమైతే డిస్కు మార్చి, రిఫర్బిష్డ్ పేరుతో అమ్ముతారు. వీటిని సమర్థించేవారి వాదన బలమైనదే. రోజంతా ఆగకుండా నడవడానికి తయారైన యంత్రాలివి. శబ్దం తక్కువ, కరెంటు తక్కువ, అదే డబ్బుకు కొత్తగా కట్టించే పెట్టెలో రానంత ప్రాసెసర్ వస్తుంది. ఇక్కడ కూడా ఒక్క అంకె చాలా పని చేస్తుంది. ఆప్టిప్లెక్స్‌లో 3050, 5050, 7050 నమూనాలు ఆరు, ఏడు తరాలవి. 3060, 5060, 7060 ఎనిమిదో తరానివి. ఎలైట్‌డెస్క్ 800లో జీ3కీ జీ4కీ మధ్య, థింక్‌సెంటర్‌లో ఎం910కీ ఎం920కీ మధ్య అదే గీత ఉంది. గీతకు అటు విండోస్ 11 అధికారికంగా ఎక్కుతుంది, ఇటు ఎక్కదు. చూపులకు ఒకేలా ఉండే రెండు నల్ల డబ్బాల మధ్య కొన్ని వేల రూపాయల తేడాకు తరచూ ఇదే కారణం.

కొత్తది కావాలనేవారి వాదన మరమ్మతు వైపు నుంచి వస్తుంది. ఆఫీసు పెట్టెల్లో మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును కంప్యూటర్ భాగాలకు తగినట్టు మార్చేది) ఆ కంపెనీ సొంత కొలతల్లో ఉంటాయి, చాలా డెల్ నమూనాల్లో కరెంటు కనెక్టర్ కూడా వేరే. పుత్తూరులోనో పలమనేరులోనో ఎస్‌ఎంపీఎస్ పోతే, మామూలు దుకాణంలో దొరికే ఎస్‌ఎంపీఎస్ అందులో పట్టదు. అదే నమూనా పాత సరుకు కోసం వెతకాలి. చిన్న పెట్టెల్లో సగం ఎత్తు గ్రాఫిక్స్ కార్డు తప్ప పట్టదు. కొన్నింటిలో వైఫై ఉండదు, కొన్నింటిలో హెచ్‌డీఎంఐ బదులు డిస్‌ప్లేపోర్ట్ ఉంటుంది. ఈ రెంటికీ కలిపి అయ్యే ఖర్చు కొటేషన్‌లో కనబడదు. కొత్తగా కట్టించిన ఐ3-12100, హెచ్610 బోర్డు జతలో ఏ భాగం చెడినా ఏ ఊళ్లోనైనా మార్చుకోవచ్చు. ప్రాసెసర్ బిగించే ఆ సాకెట్‌లోనే తర్వాత పద్నాలుగో తరం దాకా ప్రాసెసర్ ఎక్కించవచ్చు. పెట్టెతో సహా కొన్న ఇంటెల్ ప్రాసెసర్‌కు మూడేళ్ల వారంటీ ఉంటుంది. రిఫర్బిష్డ్ సరుకుకు దుకాణదారు ఇచ్చే గడువు తక్కువే.

రెండింటినీ కలిపి చూస్తే ఏది మేలన్నది ధర కన్నా మరమ్మతు దూరం మీదే ఆధారపడి ఉందనిపిస్తుంది. ఒక కుటుంబం రిఫర్బిష్డ్ 8వ తరం పెట్టెను 16,000కు కొని నాలుగేళ్లు వాడితే ఏడాదికి 4,000. కొత్తది 32,000కు కొని ఎనిమిదేళ్లు వాడినా అంతే. నాలుగేళ్ల తర్వాత బజారు ఎటు పోతుందో తెలియనప్పుడు తక్కువ డబ్బు ఇరికించుకోవడం లాభమే. కానీ పరీక్షల నెలలో యంత్రం ఆగిపోతే వారం పాటు భాగం కోసం ఎదురుచూడగలరా అన్నది ఆ లెక్కలో కనబడని ఖర్చు.

ల్యాప్‌టాప్ సంగతి క్లుప్తంగా. తీసుకుపోవడం, బ్యాటరీ రెండూ అవసరమైన హాస్టల్ విద్యార్థికి దానికి ప్రత్యామ్నాయం లేదు. చవక ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి ఉండటం వల్ల కొన్ననాటి 8 జీబీయే చివరిదాకా 8 జీబీ అవుతుంది.

## విండోస్ ఎక్కని యంత్రానికి మిగిలే దారులు

ఆరో తరం పెట్టె మీద షరతులను దాటవేసి విండోస్ 11 ఎక్కించి ఇచ్చే దుకాణాలున్నాయి. అది పని చేస్తుంది. అయితే అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది. బ్యాంకు లావాదేవీలు జరిగే యంత్రానికి ఇది ఆలోచించవలసిన విషయమే.

విండోస్‌కు బదులు వాడే లినక్స్ మింట్, ఉబుంటు వంటివి అదే పెట్టె మీద ఉచితంగా, అప్‌డేట్లతో సహా నడుస్తాయి. తెలుగు టైపింగ్, లిబ్రేఆఫీస్, బ్రౌజర్ అన్నీ ఉంటాయి. ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థికి ఇది లోటు కాదు, ఒకరకంగా మేలే. చిత్తూరులో అద్దె దుకాణంలో ట్యాలీ మీద లెక్కలు రాసే అకౌంటెంటుకు, అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పెళ్లి పత్రికలు కూర్చే డీటీపీ పనివారికి మాత్రం ఆ దారి మూసుకుపోయినట్టే, వారి సాఫ్ట్‌వేర్ విండోస్ కోసమే తయారైనది. అంటే చవక ఆరో తరం పెట్టె ఒకరికి లాభసాటి బేరం, మరొకరికి వృథా. తేడా యంత్రంలో లేదు.

## కరెంటు, ఎర్తింగు, ఎండ

దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ కేంద్ర కార్యాలయం తిరుపతిలోనే ఉన్నా, తిరుపతిలోనూ కరెంటు పోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే కంప్యూటర్‌కు వేరే యూపీఎస్ ఎందుకన్న ప్రశ్నకు సమాధానం మిల్లీసెకన్లలో ఉంది. కరెంటు పోయిన క్షణం నుంచి బ్యాటరీ అందుకునేదాకా కంప్యూటర్‌ను నిలబెట్టేది ఎస్‌ఎంపీఎస్‌లోని కెపాసిటర్లలో నిలవ ఉన్న విద్యుత్తు. మంచి ఎస్‌ఎంపీఎస్ పూర్తి లోడు మీద 16, 17 మిల్లీసెకన్లు నిలబెట్టగలదు. ఇన్వర్టర్ యూపీఎస్ మోడ్‌లో ఉంటే సాధారణంగా ఆ లోపే అందుకుంటుంది, మామూలు మోడ్‌లో ఆలస్యమవుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కెపాసిటర్ల సామర్థ్యం తగ్గుతుంది. ఒకే ఇంట్లో, ఒకే ఇన్వర్టర్ మీద కొత్త పెట్టె నిలబడి పాత పెట్టె రీస్టార్ట్ అయితే, ఇన్వర్టర్‌ను తిట్టుకునే ముందు ఈ సంగతి గుర్తుకు రావాలి.

యూపీఎస్ మీద 600 వీఏ అని పెద్దగా రాసి ఉంటుంది. అది ఇవ్వగల వాట్లు సాధారణంగా 360. లోపల ఉండేది తరచూ 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ, అంటే 84 వాట్ అవర్లు. పెట్టెకు 50 వాట్లు, మానిటర్‌కు 20 వాట్లు వేసుకుంటే కాగితం మీద గంటా పన్నెండు నిమిషాలు రావాలి. మార్పిడి నష్టాలు ఉండటం వల్ల, వేగంగా ఖాళీ చేస్తే లెడ్ బ్యాటరీ తన పూర్తి శక్తిని ఇవ్వకపోవడం వల్ల ఆచరణలో అందులో సగం రావడమూ కష్టమే. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే ఊళ్లో మరో దెబ్బ ఉంది: 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకూ లెడ్ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది బ్యాటరీ రంగంలో అందరూ ఒప్పుకునే లెక్క. పక్కనే కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు తయారవుతున్నాయి గానీ, ఆ దగ్గరితనం ఎండను తగ్గించదు. కిటికీ కింద, చెక్క బల్ల అరలో బిగించిన యూపీఎస్ రెండేళ్లకే చేతులెత్తేస్తే తప్పు బ్రాండుది కాకపోవచ్చు.

క్యాబినెట్ తాకితే జిల్లుమనడం చాలా ఇళ్లలో చూస్తాం. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ ఇనుప పెట్టెకు కలిపి ఉంటాయి. ఎర్తింగు ఉంటే వాటి గుండా వచ్చే స్వల్ప విద్యుత్తు భూమిలోకి పోతుంది. ఎర్తింగు లేకుంటే పెట్టె మీద 230 వోల్టుల్లో దాదాపు సగం, సుమారు 115 వోల్టులు తేలుతూ ఉంటుంది. విద్యుత్ ప్రవాహం చాలా తక్కువ కాబట్టి సాధారణంగా ప్రాణాపాయం ఉండదు. కానీ కంప్యూటర్ చెడిందని దాన్ని దుకాణానికి మోసుకుపోయేవారు ఇంటి ప్లగ్గులో మూడో రంధ్రానికి తీగ ఉందో లేదో చూడరు.

## రిచీ స్ట్రీట్ ధర, ఊళ్లో ధర, బిల్లు

తిరుపతి వాళ్లకు చెన్నై రిచీ స్ట్రీట్, కుప్పం, పలమనేరు వైపు వాళ్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డు అలవాటైన కంప్యూటర్ బజార్లే. పొద్దున రైల్లో చెన్నై వెళ్లి సాయంత్రానికి పెట్టెతో తిరిగి రావచ్చు. అక్కడ ఎంపిక ఎక్కువ, పోటీ ఎక్కువ. ఊళ్లో దుకాణానికి అనుకూలంగా ఉన్నది ఒక్కటే, చెడితే రేపు పొద్దున్నే వెళ్లి అడగవచ్చు. ధరలో తేడా రెండు వేలైతే, ఒక్కసారి వారంటీకి చెన్నై వెళ్లివచ్చే ఛార్జీలు, పోయే పనిరోజు కలిపితే అందులో పెద్ద భాగం కరిగిపోతుంది. తేడా ఎనిమిది వేలైతే లెక్క వేరు.

ఇక్కడ తికమక పెట్టేది బిల్లు. కొత్త కంప్యూటర్ మీద జీఎస్టీ 18 శాతం. "బిల్లు లేకుండా 30,000, బిల్లుతో 35,400" అన్నప్పుడు ఆ 5,400 దుకాణదారు లాభం కాదు, పన్ను. ఇంటికి కొనేవారికి అది ఖర్చే. జీఎస్టీ నమోదు ఉన్న చిత్తూరు వ్యాపారి ఊళ్లోనే తన వ్యాపారానికి కొంటే ఆ 5,400ను తాను కట్టవలసిన పన్నులో తగ్గించుకోవచ్చు, కాబట్టి అతనికి బిల్లుతో కొన్నా అసలు ఖర్చు 30,000 దగ్గరే నిలుస్తుంది. బిల్లు మీది జీఎస్టీ నంబరు 37తో మొదలైతే ఆంధ్రప్రదేశ్‌లో, 33తో అయితే తమిళనాడులో, 29తో అయితే కర్ణాటకలో నమోదైన దుకాణం. పన్ను రేటు మూడు రాష్ట్రాల్లోనూ ఒకటే.

వాడిన సరుకు బిల్లులో 18 శాతం విడిగా కనబడకపోతే అది దొంగ బిల్లని తేల్చేయలేం. పాత వస్తువులు కొని అమ్మే నమోదిత వ్యాపారులు మొత్తం ధర మీద కాక, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య ఉన్న తేడా మీద మాత్రమే పన్ను కట్టే పద్ధతిని నిబంధనలు అనుమతిస్తున్నాయి. అలాంటి బిల్లులో పన్ను గడి కన్నా, పెట్టె వెనక ఉన్న సీరియల్ నంబరూ బిల్లులో రాసిన నంబరూ ఒకటేనా అన్నది కొనేవారికి ఎక్కువ పనికొస్తుంది. వారంటీ గడువులో దుకాణదారు మొదట అడిగేది ఆ నంబరునే.